బిట్ పేపరు నాటి నల్లబల్ల

1992లో నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరుగా చేరేసరికి పదో తరగతి గదిలో వెనక గోడకు ఓ పాత నల్లబల్ల ఆనించి ఉండేది. పాఠాలకు పనికిరానంతగా అరిగిపోయింది. దానిమీద పరీక్షల జాగ్రత్తలు రాసేవాళ్లం. సంక్రాంతి సెలవులు అయిపోగానే పిల్లలే బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి బల్లంతా రుద్దేవారు. ఆరాక సుద్దముక్కతో రాస్తే అక్షరం తెల్లగా తేలేది.

అప్పుడు పబ్లిక్ పరీక్షకు 11 పేపర్లు. హిందీ ఒక్కటే పేపరు, మిగతా సబ్జెక్టులకు రెండేసి, ఒక్కోటి 50 మార్కులకు. రెండున్నర గంటల్లో చివరి అరగంట బిట్ పేపరుది, దానికి 15 మార్కులు. అందులో కొట్టేసి మళ్లీ రాసినా, అక్షరం దిద్దినా మార్కు పడదు. ఒక్క మార్కుతో తప్పిన పిల్లల్ని చూసినవాణ్ణి కాబట్టి ఆ సంగతి ఏటా బల్ల పైవరసలోనే రాసేవాణ్ణి.

ఒక ఏడాది, పాసై మార్కుల లిస్టు కోసం వచ్చిన అమ్మాయి సుద్దముక్క అడిగి తీసుకుంది. అడుగున ఇలా రాసింది: "అడిషనల్ షీట్లకు నంబర్లు వేసుకోండి. దారం కట్టేటప్పుడు నాకు చేతులు వణికాయి. ఒక కాగితం తలకిందులైంది. 5 నిమిషాలు మిగుల్చుకోండి."

కొత్త పదో తరగతి పిల్లలు ఆ నాలుగు ముక్కల దగ్గరే గుమిగూడారు. నా పైవరస వైపు ఎవరూ చూడలేదు. చేతులు వణికిన మనిషి చెప్పిన మాటకు ఉండే విలువ వేరు. మరుసటి ఏడు నుంచి సగం బల్ల పాసైన పిల్లలకే వదిలేశాను.

తర్వాత థర్మాకోల్ షీట్లు, చార్టులు, గుండుసూదులు వచ్చాయి. పరీక్షా మారింది. ప్రశ్నపత్రం చదువుకోవడానికే 15 నిమిషాలు ఇచ్చారు. 2023లో ఆంధ్రలోనూ తెలంగాణలోనూ 6 పేపర్లే రాశారు. నేను రిటైరైందీ ఆ ఏడే.

ఇప్పుడు చాలా బళ్లలో అచ్చు పోస్టర్లు కొని అంటిస్తున్నారు. రంగులు బాగుంటాయి గానీ వాటిలో మన బడి పిల్ల చేతిరాత ఉండదు. ఉపాధ్యాయ మిత్రులారా, ఈసారి మార్కుల లిస్టు కోసం వచ్చే పిల్లల్ని ఊరికే పంపకండి. ఓ చార్టు ముక్క, స్కెచ్ పెన్ను చేతికిచ్చి కూర్చోబెట్టండి.