సగపాలు మీద లేచిన మేడలు



సినిమా పాటల్లో మీరు చూసే ఉంటారు. గుట్ట మీద పెద్ద మేడ, దారికి రెండు పక్కలా నిటారుగా పెరిగిన సైప్రస్ చెట్లు, కింద ద్రాక్ష తోటలు. అది ఇటలీ దేశంలో టస్కనీ అనే ప్రాంతం. మొన్న మా మేనల్లుడు అక్కడికి వెళ్లి ఫోటోలు పంపితే రాజుల కోటలేమో అనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, అవన్నీ వ్యవసాయం మీద కట్టిన ఇళ్లు. అది కూడా మన సగపాలు సేద్యమే. రాయలసీమ వైపు కోరు అంటారు చూడండి, అదే.

ఆ మేడని విల్లా అంటారు. యజమానులు ఎక్కువమంది ఫ్లోరెన్స్, సియెనా పట్నాల్లోని వ్యాపారులు, వడ్డీ వ్యాపారం చేసే ఆసాములు. బ్యాంకులు నడిపి ఆ రాజ్యాన్నే ఏలిన మెదిచీ కుటుంబం వాళ్లవైతే చాలానే ఉన్నాయి. 1596లో ఆర్తిమీనో దగ్గర వాళ్లు కట్టించిన విల్లాకి లెక్కలేనన్ని పొగగొట్టాలు, అందుకే దాన్ని వంద పొగగొట్టాల విల్లా అంటారు. మెదిచీ వాళ్ల విల్లాలు, తోటలు కలిపి 14 చోట్లని 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆసామి ఎండాకాలం వచ్చి ఉండేవాడు, మిగతా రోజులు పట్నంలోనే.

మరి సేద్యం ఎవరు చేసేవారు? భూమిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఒక ఇల్లు కట్టి, ఒక్కో రైతు కుటుంబానికి అప్పగించేవారు. కింద పశువుల కొట్టం, పైన మనుషులు. చలికాలం పశువుల వెచ్చదనమే పైవాళ్లకి ఆసరా. అన్నదమ్ములు, కోడళ్లు, పిల్లలు అంతా ఒకే పొయ్యి, మన పాత ఉమ్మడి కుటుంబంలాగే. గోధుమ చేల మధ్య వరసల్లో చెట్లు పెంచి, వాటి మీదకి ద్రాక్ష తీగ పాకించేవారు. గట్ల మీద ఆలివ్. ఒకటి పోతే ఇంకోటి ఆదుకుంటుందని.

పంట చెరిసగం. భూమి, ఇల్లు ఆసామివి, కష్టం రైతుది. పశువుల మీద లాభనష్టాలు కూడా సగం సగం. వినడానికి న్యాయంగానే ఉంది కదండీ? ఇక్కడే ఉంది అసలు సంగతి.

సగం ఇచ్చాక కూడా పండక్కి కోళ్లు, గుడ్లు ఆసామి ఇంటికి పంపాలి. ఇంట్లో పెళ్లి చేయాలంటే ఆసామి ఒప్పుకోవాలి. ఎందుకంటే పనిచేసే చేతులు, తినే నోళ్లు ఆ భూమికి సరిపోవాలట. ఎక్కువైనా తక్కువైనా ఖాళీ చేయమని నోటీసు. తరాలుగా ఉన్న ఇల్లు కూడా ఒక్క కాగితంతో వదిలిపోవాల్సిందే.

ఇంకొకటి ఖాతా పుస్తకం. కరువు ఏడాది తిండిగింజలు అప్పు ఇచ్చి అందులో రాసేవారు. ఆ బాకీ మరుసటి ఏడాదికి, ఆపై ఏడాదికి పాకేది. రాసేది ఆసామి గుమాస్తా. రైతుల్లో చాలామందికి చదువు లేదు. చేను తెలిసినవాడికి లెక్క తెలీదు, లెక్క తెలిసినవాడు చేలో దిగడు.

ఇది 13వ శతాబ్దం నుంచి మన కాలందాకా నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రైతులు గట్టిగా పోరాడితే పాలు 53 శాతానికి పెరిగింది. 1964లో చట్టం వచ్చి 58 శాతం చేసింది, కొత్తగా సగపాలు ఒప్పందాలు రాయకూడదంది. 1982 చట్టం మిగిలినవాటిని మామూలు కౌలుగా మార్చే దారి చూపింది.

కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. 1950ల నుంచే పిల్లలు ఫ్లోరెన్స్‌కి, ప్రాతో బట్టల మిల్లులకి వెళ్లిపోయారు. నెలకి జీతం, ఇంట్లో కుళాయి నీళ్లు, కరెంటు. వాళ్లని తప్పు పట్టగలమా? వేల ఇళ్లు పాడుబడ్డాయి. తర్వాత విదేశీయులు వచ్చి కొనుక్కున్నారు. 1985లో చట్టం చేసి, సేద్యం చేసేవాళ్లు ఇంట్లో అతిథుల్ని పెట్టుకోవచ్చన్నారు. ఇప్పుడు చాలా చోట్ల ఒకప్పటి పశువుల కొట్టంలో టూరిస్టులు డబ్బు కట్టి పడుకుంటున్నారు. మేడా మిగిలింది, చెట్లూ మిగిలాయి. దున్నినవాళ్ల మనవళ్లు మాత్రం చాలామంది పట్నాల్లో ఉన్నారు.

ఇదంతా ఎందుకు రాశానంటే, నాకు రెండెకరాలుంది, ఇంకో మూడెకరాలు సగపాలుకి చేస్తున్నా. నోటి మాటే, కాగితం లేదు. ఎరువు ఖర్చు ఎవరెంత పెట్టారో రాసే పుస్తకం ఒక్కటే, అది ఆసామి దగ్గరే ఉంది. ఆయన మంచివాడే, నేను అనుమానించట్లేదు. కానీ రేపు ఆయన పిల్లలు వచ్చి అడిగితే నా దగ్గర చూపించడానికి ఏముంది? అందుకే మొన్న వెళ్లి అడిగాను, ఈ ఖరీఫ్ నుంచి రెండు పుస్తకాలు పెడదాం, రెండింట్లో ఇద్దరం సంతకం చేద్దామని. కాసేపు ఆలోచించి సరే అన్నాడు.

మీ ఊళ్లో పాలు లెక్క ఎవరు రాస్తున్నారు? కామెంట్‌లో చెప్పండి.