భూమిని జరిపిన శిల్పులు

1962 మార్చిలో జపానునందలి తోహో సంస్థవారు విడుదల గావించిన ‘గోరత్’ అను చలనచిత్రమున, భూమికంటె ఆరువేల రెట్లు ద్రవ్యరాశి గల యొక నక్షత్రము మనవైపు దూసికొని వచ్చుచుండగా, దానిని పేల్చుట యసాధ్యమని తేల్చుకొన్న ప్రపంచదేశములవారు దక్షిణధ్రువమున బ్రహ్మాండమైన రాకెట్టు గొట్టములను నెలకొల్పి, వాని జ్వాలల తాకిడిచే భూగోళమునే నూరు దినములలో నాలుగు లక్షల కిలోమీటర్ల దూరము పక్కకు త్రోయుదురు. చంద్రుడు మాత్రము తప్పించుకొనలేక ఆ నక్షత్రమునకు ఆహారమగును. భౌతికశాస్త్రమున నాలుగక్షరములు నేర్చిన విద్యార్థి యెవ్వడైనను లేచి, అంత యింధన మెచ్చటిదని, చంద్రుని మ్రింగిన యాకర్షణశక్తి భూమిని మన్నించుట యేమని యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నలే. కాని చకోరము వెన్నెల త్రాగునని కవి చెప్పినపుడు ఆ పక్షి కంఠనాళమును పరీక్షింపబోవు రసికుడు మనలో నెవ్వడును లేడు. ఒక్క యసత్యమును ముందుగా నంగీకరించి, తక్కినదంతయు సత్యమువలె నడచుచున్నదా లేదా యని మాత్రమే చూచుట మనకు పూర్వమునుండి యలవాటైన పని.

ఆ తక్కినదానిని మాయాదృశ్యములచే సత్యమువలె నడపు విద్యకు జపానువారు తొకుసత్సు అని పేరిడిరి. అందు అగ్రగణ్యుడు ఎయిజీ త్సుబురాయా. 1901లో ఫుకుషిమా మండలమందలి సుకగావాలో జన్మించి, విమానములపై మోజుతో వైమానిక పాఠశాలలో చేరి, అది మూతపడగా ఛాయాగ్రహణమునకు మరలిన యీతడు, అమెరికానుండి వచ్చిన ‘కింగ్ కాంగ్’ను చూచి, పిమ్మట దాని ఫిల్ము ప్రతిని సంపాదించి, ఒక్కొక్క చట్రమునే పరిశీలించి ఆ మర్మములను తనకు తానే బోధించుకొనెను. 1942లో పెర్ల్ హార్బరు దాడిని బొమ్మ నౌకలతో తెరపై నిలిపెను. ఇట్టి యుద్ధప్రచార చిత్రములకు పనిచేసినందులకు యుద్ధానంతరము ఆతని యుద్యోగము పోయెను. నేర్పు పోలేదు.

1954 మార్చి 1వ తేదీన బికినీ దీవియొద్ద అమెరికా ప్రయోగించిన హైడ్రోజన్ బాంబు బూడిద, ఇరువదిముగ్గురు జాలరులున్న యొక జపాను చేపలనౌకపై రాలెను. ఆ యేటనే నవంబరు 3వ తేదీన, ఇషిరో హోండా దర్శకత్వమున, త్సుబురాయా నేర్పుతో, బాంబుల తాకిడికి సాగరగర్భమునుండి లేచిన ‘గాడ్జిల్లా’ తెరకెక్కెను. అందలి పూజ్యుడైన పురాజీవశాస్త్రజ్ఞుడు జురాసిక్ యుగము ఇరువది లక్షల యేండ్ల క్రిందటిదని నిబ్బరముగా సెలవిచ్చును; అది పదునాలుగు కోట్ల యేండ్లకు పూర్వమే ముగిసినది! బొమ్మను అంగుళమంగుళముగా కదల్చి చిత్రించు పద్ధతికి కాలమును ధనమును చాలకపోగా, హరువో నకాజిమా యను నటుడు నూరు కిలోల బరువున్న రబ్బరు తొడుగులో దూరి, ఇరువదియైదవ వంతునకు కుదించిన టోక్యో నగరమును త్రొక్కెను.

నన్ను ముగ్ధుని గావించున దిచ్చటనే. బొమ్మ మేడ నిజమైన మేడకంటె అతిశీఘ్రముగా కూలును. పతనకాలము ఎత్తుయొక్క వర్గమూలము ననుసరించును గనుక, ఇరువదియైదవ వంతు మేడ కూలుట నిజమువలె దోచవలెనన్న కెమెరాను సుమారైదింతల వేగముతో త్రిప్పి, సాధారణ వేగముతో చూపవలయును. త్సుబురాయా శిష్యబృందము హెచ్చువేగమున చిత్రించుటకు కారణ మిదియే. నీరు మరింత మొండిది. మేడను కుదింపవచ్చును గాని నీటి బిందువును కుదింప నెవ్వరి తరము? కథయందు శాస్త్రమునకు తిలోదకము లిచ్చిన వారే కర్మశాలయందు గెలీలియో సూత్రమునకు దాసులై మెలగిరి.

‘గోరత్’నకును దర్శకుడైన హోండా అంతటితో తృప్తినొందక, భూమిని జరుపుటకు వలయు బలమును టోక్యో విశ్వవిద్యాలయ ఖగోళజ్ఞులచే లెక్క కట్టించెను. ఇంత శ్రద్ధ వహించిన చిత్రమున, దక్షిణధ్రువమునుండి యొక మహాకాయమైన వాల్రస్ మృగము హఠాత్తుగా వెలువడి గొట్టములపై బడును! నిర్మాత తొమొయుకి తనాకా పట్టుదలచే, దర్శకుని యిష్టమునకు విరుద్ధముగా వచ్చిచేరిన యతిథి యది. భూమిని జరుపుట నేను నమ్మితిని. ఈ మృగమును నమ్మజాలను. ఒక యబద్ధమునకు ఇచ్చిన యనుజ్ఞ రెండవదానికి చెల్లదు గదా. అమెరికాలో ప్రదర్శించిన ప్రతిలో దానిని కత్తిరించివేసిరి.

1970లో త్సుబురాయా గతించెను. మూడేండ్లకు, లక్షమందికి పైగా పొట్టనబెట్టుకొన్న 1923 నాటి కాంటో భూకంపమునకు అర్ధశతాబ్ది నిండిన యేట, సాక్యో కొమత్సు ‘జపాను మునక’ అను నవలను ప్రకటింపగా, దానిని లక్షలాదిగా కొని చదివిరి. ఆ యేడు ముగియకమునుపే తోహోవారు దానిని చిత్రముగా తీసిరి. అందు ప్రధానమంత్రికి భూఫలకముల గమనమును వివరించు ఘట్టమున నటుడు లేడు. హితోషి తకెయుచి యను భూభౌతికశాస్త్రాచార్యుడు తానుగా వచ్చి తన పాఠమునే చెప్పెను. ఆ పాఠమున దోషము లేదు. ఫలకములు కోట్ల యేండ్లలో చేయు పనిని కథకుడు రెండేండ్ల లోపుగనే ముగింపించినాడు. ఆచార్యులు దానికి అభ్యంతరము చెప్పలేదు.