పసరుకి పేరొచ్చింది, పైపు తప్పించుకుంది | హెపటైటిస్-ఇ కథ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... మన దగ్గర ఎవరికైనా కళ్ళు పచ్చబడితే ఇంట్లో వచ్చే మొదటి మాట ఏంటి? "ఫలానా ఊళ్ళో పసరు పోస్తరు, పోయి తాగిరా." నెల తిరిగేసరికి తగ్గుతుంది, పసరుకి పేరొస్తుంది. అసలు ఆ కామెర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? అది మాత్రం ఎవరూ అడగరు. ఇవాళ అదే అడుగుదాం.

కామెర్లు ఒక లక్షణం. దాని వెనక ఉండే వైరస్‌లలో ఒకటి హెపటైటిస్-ఇ. మురుగు కలిసిన తాగునీటితో పాకుతుంది.

1955 డిసెంబర్, ఢిల్లీ. యమున దారి మారింది. నజఫ్‌గఢ్ నాలా మురుగు వజీరాబాద్‌లో తాగునీరు తోడే చోటికి చేరింది. దాదాపు 29,000 మందికి కామెర్లు! అందరూ హెపటైటిస్-ఎ అనుకున్నారు. దాచిన రక్త నమూనాలను తర్వాత పరీక్షించి, 1980లో తేల్చింది ఏంటంటే: అది ఎ కాదు, బి కూడా కాదు.

1978లో కశ్మీర్‌లో మళ్ళీ వచ్చింది. గర్భిణులు ఎక్కువగా చనిపోతున్నారని డాక్టర్ ఖురూ గమనించారు. 1983లో రష్యన్ శాస్త్రవేత్త బలయాన్, రోగుల మలం నుంచి తీసిన ద్రవాన్ని తానే తాగేశారు! సుమారు ఐదు వారాలకి జబ్బు పడ్డారు. ఆయన నమూనాల్లోనే వైరస్ మైక్రోస్కోప్‌కి దొరికింది.

ఆ ఐదు వారాలు గుర్తుపెట్టుకోండి. నెల కింద తాగిన నీళ్ళకి ఇవాళ కళ్ళు పచ్చబడితే, పైపు మీద ఎవరికి అనుమానం వస్తుంది? పైగా చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. అందుకే క్రెడిట్ పసరుకి పోతుంది.

2005లో హైదరాబాద్‌లోనూ ఇదే జరిగింది. మంచినీళ్ళ పైపులు మురుగు కాల్వలను దాటే ఏరియాల మీదికే వేలు పోయింది. ఆ హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీయే సూర్యాపేట పక్క నుంచి వచ్చి, మిర్యాలగూడ దగ్గర వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. సూర్యాపేట ఏళ్ళ తరబడి మూసీ నీళ్ళే తాగింది. ఇప్పుడు మిషన్ భగీరథ ఉంది. కానీ శుద్ధి చేసిన నీళ్ళైనా మన గల్లీ పైపులోంచే రావాలి కదా? సప్లై ఆగి ప్రెషర్ పడిపోతే, లీకుల్లోంచి పక్కనున్న మురుగు లోపలికి పోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2015లో ఈ వైరస్‌తో 44,000 మంది చనిపోయారు. చివరి మూడు నెలల గర్భిణులకి సోకితే, వాళ్ళలో 20-25 శాతం దాకా ప్రాణం పోవచ్చు.

కాబట్టి నల్లా నీళ్ళు వాసనొస్తే మున్సిపాలిటీకి చెప్పండి, మరగబెట్టి తాగండి. గల్లీలో రెండు మూడు ఇళ్ళల్లో కామెర్లు కనిపిస్తే ఆశా అక్కకి చెప్పండి. ఇంట్లో గర్భిణి ఉండి కళ్ళు పచ్చబడితే, పసరు కోసం ఒక్క రోజు కూడా ఆగొద్దు. నేరుగా హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

మీ గల్లీలో పైపు ఎక్కడ మోరీని దాటుతుందో చూసి కామెంట్‌లో పెట్టండి. ఉంటా మరి.