యెహోవా: నాలుగు అక్షరముల నామము



ఈ శతాబ్ది సంచికలో మన డయాసిస్ గుడులను గూర్చియు, పాఠశాలలను గూర్చియు, వైద్యశాలలను గూర్చియు అనేకులు వ్రాయుచున్నారు. మేము ఒక్క మాటను గూర్చి వ్రాయదలచితిమి. ఆ మాట "యెహోవా". ఈ మధ్య కొన్ని సంఘములలో యౌవనస్థులు, "అయ్యగారూ, యెహోవా అనుట తప్పట, యాహ్వే అనవలెనట. తప్పు పేరుతో చేసిన ప్రార్థన దేవుడు వినునా?" అని మమ్ము అడుగుచున్నారు. ఇది చిన్న ప్రశ్న కాదు. మన తాతలు, అవ్వలు మరణపడకమీద పలికిన నామమది. వారి ప్రార్థన వినబడలేదని ఎవరైన చెప్పినయెడల ఊరకుండుట మాకు తగదు.

పూర్వకాలపు హెబ్రీ వ్రాతలో హల్లులే గాని మనకున్నట్టు గుణింతము లేదు. దేవుని నామమునకు యోద్, హే, వావ్, హే అను నాలుగు హల్లులు. పాత నిబంధనలో ఈ నామము 6,800 పర్యాయములకు మించి కనబడును. మోయాబు రాజైన మేషా క్రీ.పూ. 9వ శతాబ్దములో వేయించిన శిలాశాసనము 1868లో బయటపడినది. ఇశ్రాయేలీయులయొద్ద కొల్లగొట్టిన వస్తువులను గూర్చి ఆ శత్రురాజు డంబముగా చెప్పుకొనుచు, ఆ రాతిమీద ఈ నామమును చెక్కించెను. 1979లో యెరూషలేము చెంత హిన్నోము లోయ అంచున, ఒక ప్రాచీన సమాధిలో చుట్టిన రెండు చిన్న వెండి రేకులు దొరికెను. విప్పి చూడగా, ఆరాధనాంతమున మేము చేతులెత్తి పలుకు సంఖ్యాకాండము 6వ అధ్యాయపు దీవెనలోని మాటలు ఈ నామముతో సహా వాటిమీద గీయబడియుండెను. అవి ఇంచుమించు 2,600 సంవత్సరముల నాటివి.

చెర తరువాతి కాలములో యూదులు భయభక్తులచేత ఈ నామమును పలుకుట మానుకొనుచు వచ్చిరి. ప్రాయశ్చిత్త దినమున ప్రధానయాజకుడు దేవాలయములో దానిని పలుకగా జనులు సాగిలపడుదురని మిష్నా చెప్పుచున్నది. క్రీ.శ. 70లో ఆ దేవాలయము పడిపోయెను, పలుకువాడు లేకపోయెను. గ్రంథము చదువునప్పుడు ఈ నామము వచ్చిన చోట "అదోనాయ్", అనగా ప్రభువు, అని పలుకుట వాడుకయైనది. కొన్ని గ్రీకు ప్రతులలో ఈ హెబ్రీ అక్షరములను అట్లే ఉంచగా, తెలియనివారు వాటిని గ్రీకు అక్షరములనుకొని "పిపి" అని చదివిరని జెరోము పండితుడు వ్రాసెను. నవ్వు వచ్చును గాని, తెలియని లిపి ముందు మనమైనను అంతే గదా!

తరువాత మసోరెతీయులను యూదు శాస్త్రులు హల్లులకు స్వరచిహ్నములు పెట్టిరి. నాలుగు హల్లులను వారు ముట్టలేదు. వాటికి "అదోనాయ్" స్వరములను తగిలించిరి. ఇచ్చట అదోనాయ్ అని పలుకుడని చదువరికి గురుతు. అందులోని మొదటి "అ"కారము, యోద్ క్రిందికి వచ్చునప్పుడు వ్యాకరణ నియమము చొప్పున "ఎ"కారమునకు దగ్గరగును. రెంటిని కలిపి చదివిన "యెహోవా" అగును. మధ్యయుగములలో క్రైస్తవ పండితులు అట్లే చదివిరి. 1530లో టిండేలు తన ఇంగ్లీషు అనువాదములో దానిని వాడెను. "యాహ్వే" అనునది పండితుల నిర్ణయము. అలెగ్జాంద్రియ క్లెమెంతు, థియొదొరెతు మొదలైనవారు గ్రీకులో వ్రాసిన రూపములు దానికి ఆధారము. అది బలమైన ఆధారమే, మేమును ఒప్పుకొనుచున్నాము.

అయితే ఉచ్చారణనుబట్టి రక్షణ యనునది వాక్యములో ఎక్కడ నున్నది? హెబ్రీలో యేషువ, గ్రీకులో యేసూస్, ఇంగ్లీషులో జీసస్, మనకు యేసు. నజరేతులో మరియ తన కుమారుని పిలిచినట్టు మనలో ఎవరును పిలుచుటలేదు. ఆయన పలుకకున్నాడా?

శబ్దముకంటె అర్థము ముఖ్యము. నిర్గమకాండము 3వ అధ్యాయములో మోషే అడిగినప్పుడు దేవుడు "ఎహ్యె" అను క్రియతో ఉత్తరమిచ్చెను. గ్రీకువారు దానిని "ఉన్నవాడు" అని అనువదించిరి. అందునుండి వేదాంతులు మార్పులేని నిత్య సత్తను గూర్చి గొప్ప గ్రంథములు వ్రాసిరి. అది తప్పనము. గాని హెబ్రీ క్రియకు "ఉందును" అను అర్థమును కలదు. రెండు వచనములు పైకి చూడుడి: 12వ వచనములో అదే క్రియతో దేవుడు మోషేకు తోడుగా నుందునని మాట యిచ్చియున్నాడు. ఇటుకలు చేసి చేసి నడుము విరిగిన దాసులకు సత్తను గూర్చిన తత్త్వము కాదు, తోడు కావలెను. ఈ నామము ఆ తోడును తెలుపుచున్నదని మా అభిప్రాయము.

ఇక మన తెలుగు బైబిలును గూర్చి ఒక మాట. 1611 నాటి ఇంగ్లీషు అనువాదములో, స్థలముల పేళ్లు విడిచినయెడల, "జెహోవా" నాలుగు చోట్లనే కలదు. మిగిలిన చోట్ల పెద్ద అక్షరములతో "ప్రభువు" అను మాట. మన సంఘములు చదువు తెలుగు అనువాదమో, పాత నిబంధనయందంతట "యెహోవా" అనియే ఉంచినది. అందుచేత ఆ నామము పొలములో పనిచేయు తల్లికి కూడ తెలియును. గాని ఇందులో ఒక నష్టమును కలదు. యోవేలు 2:32లో యెహోవా నామము. దానినే ఎత్తి పౌలు రోమా 10:13లో వ్రాయగా అక్కడ ప్రభువు నామము, అనగా యేసు నామము. యెషయా 40:3లో యెహోవాకు సిద్ధపరచిన మార్గమే మార్కు 1:3లో ప్రభువు మార్గము. ఇంగ్లీషు చదువరికి రెండు చోట్లను ఒకే మాట వినబడును. మనకు రెండు మాటలు వినబడును. కాబట్టి యెహోవా వేరు, ప్రభువైన యేసు వేరు అని ఇంటింటికి వచ్చి బోధించువారికి మన సంఘస్థులు సుళువుగా చిక్కుచున్నారు. సండేస్కూలు ఉపాధ్యాయులు ఈ వచనములను జతజతలుగా చదివించినయెడల బాగుండును. యెషయా 45:23తో ఫిలిప్పీ 2:10, 11ను తప్పక చేర్చవలెను.

యాహ్వే అని ప్రార్థింపగోరు యౌవనస్థులను మేము ఆపము. 2008లో రోమను కతోలిక సంఘాధికారులు యూదుల వాడుకను గౌరవించుచు, ఆరాధనలో యాహ్వే అని పలుకవద్దని ఆజ్ఞాపించిరి. అదియు ఒక మర్యాదయే. "హల్లెలూయా" అను మాట చివరనున్న "యా" ఈ నామము యొక్క పొట్టి రూపము. ఏలీయా, యెషయా, యిర్మీయా అను పేళ్ల చివరను అదియే కలదు. ఇక యేసు అను నామమునకు మూలమైన యెహోషువకు "యెహోవా రక్షణ" అని అర్థము.