డిష్ యాంటెనా గెయిన్ కొలత (అమెచ్యూర్ రేడియో)

అన్ని దిక్కులకూ సమానంగా ప్రసరించే ఒక ఊహాజనిత యాంటెనాతో పోల్చినపుడు, డిష్ యాంటెనా తన ముఖం ఉన్న దిశలో శక్తిని ఎన్ని రెట్లు కేంద్రీకరిస్తుందో తెలిపే సంఖ్యను గెయిన్ అంటారు. దీనిని డెసిబెల్‌లలో చెబుతారు. 3 డెసిబెల్‌లు సుమారు రెండు రెట్లకు, 10 డెసిబెల్‌లు పది రెట్లకు, 30 డెసిబెల్‌లు వెయ్యి రెట్లకు సమానం. 1 గిగాహెర్ట్జ్‌కు పైబడిన సూక్ష్మతరంగాలపై పనిచేసే అమెచ్యూర్ రేడియో ఔత్సాహికులు (హామ్‌లు) ఖరీదైన ప్రయోగశాల లేకుండానే ఈ కొలతను చేసుకుంటారు.

నేపథ్యం

1937లో అమెరికాలోని వీటన్ పట్టణంలో గ్రోట్ రీబర్ అనే హామ్ తన ఇంటి పెరట్లో దాదాపు 9.5 మీటర్ల వ్యాసం గల డిష్‌ను సొంతంగా నిర్మించి, ఆకాశం నుండి వచ్చే రేడియో తరంగాలను పరిశీలించాడు. మన దేశంలో 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు సాగిన సైట్ ప్రయోగంలో, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ చూశాయి. అక్కడ వాడినవి కోళ్ల గూళ్లకు కట్టే వంటి తీగ వలతో చేసిన 3 మీటర్ల డిష్‌లు. 860 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 35 సెంటీమీటర్లు కనుక వల కన్నాల వలన నష్టం స్వల్పం.

2005 మే 5న శ్రీహరికోట నుండి ప్రయోగించిన హామ్‌శాట్ 145, 435 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేసినందున దానికి డిష్ అవసరం లేకపోయింది. అది 2014లో ఆగిపోయింది. 2018 నవంబరు 15న ప్రయోగించిన ఖతార్ దేశపు ఎస్‌హెయిల్-2 ఉపగ్రహం హామ్‌ల కొరకు 10.49 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో సంకేతాలను భూమికి పంపే ట్రాన్స్‌పాండర్లను మోసుకెళ్లింది. లెక్క ప్రకారం పత్తికొండ నుండి ఈ ఉపగ్రహం క్షితిజానికి 29 డిగ్రీల ఎత్తున, నేరు పడమరకు 12 డిగ్రీలు దక్షిణంగా ఉంటుంది. ఆదోని, ఎమ్మిగనూరులలో తేడా ఒక డిగ్రీ లోపే.

లెక్క ద్వారా అంచనా

గెయిన్ = సామర్థ్యం × (పై × వ్యాసం ÷ తరంగదైర్ఘ్యం) యొక్క వర్గం.

ఉదాహరణకు 60 సెంటీమీటర్ల డిష్, 10.368 గిగాహెర్ట్జ్ (తరంగదైర్ఘ్యం 2.89 సెంటీమీటర్లు), సామర్థ్యం 55 శాతం అయినచో గెయిన్ సుమారు 2,330 రెట్లు, అనగా 33.7 డెసిబెల్‌లు. వ్యాసం రెట్టింపు చేసిన 6 డెసిబెల్‌లు పెరుగును.

అయితే ఇది అంచనా మాత్రమే. పాత డిటిహెచ్ డిష్ ఉపరితలంలో సగటున 1 మిల్లీమీటరు లోపం ఉంటే సుమారు 0.8 డెసిబెల్, 2 మిల్లీమీటర్లు ఉంటే 3.3 డెసిబెల్‌ల నష్టం. అనగా ప్రసారిణి శక్తిలో సగానికి పైగా వృథా. దానిని పూడ్చడానికి రెట్టింపు శక్తి గల ఆంప్లిఫయర్ కొనడం కంటే, లోపాన్ని ముందుగా కొలిచి తెలుసుకోవడం చౌక.

పోలిక పద్ధతి

గెయిన్ తెలిసిన హార్న్ యాంటెనాను, డిష్‌ను ఒకే స్థానంలో ఒకదాని తరువాత ఒకటి అమర్చి, దూరంలోని ఒకే ప్రసారిణి నుండి వచ్చే సంకేతాన్ని పోల్చుతారు. హార్న్ గెయిన్ 20 డెసిబెల్‌లు, తేడా 13.7 డెసిబెల్‌లు అయిన డిష్ గెయిన్ 33.7. ప్రసారిణి కనీస దూరం = 2 × వ్యాసం వర్గం ÷ తరంగదైర్ఘ్యం. ఇది 60 సెంటీమీటర్ల డిష్‌కు 25 మీటర్లు, 1.2 మీటర్ల డిష్‌కు 100 మీటర్లు. నేల నుండి పరావర్తనం కలిస్తే కొలత చెడుతుంది. కనుక రెండు చివరలనూ మిద్దెల వంటి ఎత్తైన చోట్ల ఉంచవలెను. ప్రసారం చేయడానికి హామ్ లైసెన్సు తప్పనిసరి.

సూర్యుని పద్ధతి

దీనికి ప్రసారిణి అక్కరలేదు. డిష్‌ను మొదట సూర్యుని వైపు, తరువాత సూర్యుడు లేని చల్లని ఆకాశం వైపు తిప్పి, రిసీవరులో రొద ఎన్ని రెట్లు పెరిగిందో చూస్తారు.

గెయిన్ = 8 × పై × బోల్ట్జ్‌మన్ స్థిరాంకం × సూర్యుని వలన పెరిగిన ఉష్ణోగ్రత ÷ (సౌర ప్రవాహం × తరంగదైర్ఘ్యం వర్గం).

రొద 2.7 రెట్లు (4.3 డెసిబెల్‌లు) అయి, వ్యవస్థ ఉష్ణోగ్రత 100 కెల్విన్ అయితే, సూర్యుని వాటా 170 కెల్విన్. ఆ సమయాన సౌర ప్రవాహం 300 యూనిట్లు అనుకొంటే గెయిన్ 33.7 డెసిబెల్‌లు వచ్చును. వ్యవస్థ ఉష్ణోగ్రత తెలియకపోతే, సుమారు 300 కెల్విన్ ఉండే నేల వైపు, చల్లని ఆకాశం వైపు కొలతలను పోల్చి దానిని కనుగొంటారు.

జాగ్రత్తలు

* వ్యవస్థ ఉష్ణోగ్రతను 100 బదులు 125 కెల్విన్‌గా తీసుకొంటే ఫలితం దాదాపు 1 డెసిబెల్ ఎక్కువగా కనిపిస్తుంది.
* కెనడాలో 1947 నుండి రోజూ కొలుస్తున్న సౌర ప్రవాహం 2,800 మెగాహెర్ట్జ్‌కు చెందినది. 10 గిగాహెర్ట్జ్‌కు దానిని నేరుగా వాడరాదు. 8,800, 15,400 మెగాహెర్ట్జ్‌ల విలువల మధ్య లెక్కించుకోవలెను.
* సూర్యునిపై పేలుళ్లు జరిగే సమయంలో కొలవరాదు.
* మెరిసే డిష్ ఎండను నాభి వద్ద కేంద్రీకరించి ఫీడ్‌ను కాల్చివేయగలదు. నాభి వద్ద చేతిని గాని, ముఖాన్ని గాని ఉంచరాదు.