కాంతి చొరబడే అద్దం

అద్దమంటే నేడు మనకు వెనుక పూత పూసిన గాజు పలక. అమరకోశంలో దర్పణం, ముకురం, ఆదర్శం అని పేర్లున్న పూర్వకాలపు అద్దం మాత్రం మెరుగు పెట్టిన లోహం. అటువంటివి కేరళలోని ఆరన్ముళలో ఈనాటికీ తయారవుతున్నాయి. ప్రాచీన చైనా అద్దమూ లోహానిదే. అది గుండ్రని కంచు బిళ్ల; ఒక వైపు నున్నని ముఖం, రెండవ వైపు ఉబ్బెత్తుగా పోతపోసిన బొమ్మలూ అక్షరాలూ.

హాన్ వంశపు కాలం (క్రీ.పూ. 206 – క్రీ.శ. 220) నాటి కొన్ని అద్దాలకు ఒక విచిత్ర గుణం ఉన్నది. నున్నని ముఖాన్ని ఎండకు పట్టి, ఆ వెలుగును గోడ మీదికి మళ్ళిస్తే, వీపున ఉన్న అక్షరాలు ఆ వెలుగులో కనబడతాయి. కంచు గాజు కాదు గదా, కాంతి దాన్ని చొచ్చుకొని ఎట్లా వచ్చింది? చైనావారు దీనికి పెట్టిన పేరే 'కాంతి చొరబడే అద్దం'.

సోంగ్ వంశపు కాలంలో షెన్ కువో (1031–1095) అనే పండితుడు తన ఇంట ఇటువంటివి మూడున్నాయని వ్రాశాడు. పోతపోసినప్పుడు పలుచని చోట కంచు ముందుగా చల్లారుతుంది. అక్షరాలున్న మందపు చోట ఆలస్యంగా చల్లారి ఎక్కువ ముడుచుకొంటుంది. అందువల్ల ముఖం మీద కంటికి ఆనని జాడ మిగులుతుందని ఆయన వివరణ. అది తన ఊహ అని చెప్పుకోలేదు; ఇతరులు చెప్పగా విని, ఆలోచించి, సబబేనన్నాడు. అంతకన్న పలుచని అద్దాలు కొన్ని ఈ పని చేయవని కూడా దాచకుండా వ్రాశాడు. ఆ నిజాయితీ నాకెంతో నచ్చింది.

ఏడువందల ఏళ్ళకు పైగా గడచిన తరువాత, 1832లో, చైనా నుంచి కలకత్తా చేరిన ఒక అద్దం వర్ణన స్కాట్లండులో డేవిడ్ బ్రూస్టరుకు అందింది. కలైడోస్కోపు కనిపెట్టినవాడు, గారడీల గుట్టు విప్పే గ్రంథాన్ని అదే ఏట ప్రకటించినవాడు. ఆయన తీర్పు: పనివాడు ముఖం మీదనే బొమ్మ గీసి, కనబడకుండా మెరుగు పెట్టాడు, వీపున ఉన్న బొమ్మ మనలను మభ్యపెట్టడానికే. గుట్లు విప్పి అలవాటైన వానికి ఎక్కడ చూసినా గారడీవాడే కనబడతాడు కాబోలు! అయినా రహస్యం ముఖం మీద ఉన్నదన్నంత వరకు ఆయన మాట సరియైనదే.

అదే సంవత్సరం కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ జపాను అద్దాల గురించి ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వ్రాశాడు. టంకశాల ఉద్యోగి, లోహాల సంగతి తెలిసినవాడు. ఈ ప్రిన్సెపే 1837లో బ్రాహ్మీ లిపిని చదివినవాడు. మన తెలుగు లిపికి మూలమైన అక్షరాలకు నోరిచ్చిన మహానుభావుడు గోడ మీది ఈ వెలుగు బొమ్మల వైపు కూడా చూశాడని తెలిసి సంతోషించాను.

అసలు కీలకం మెరుగు పెట్టడంలోనూ ఉన్నదని టోక్యోలో పాఠాలు చెప్పిన ఎయిర్టన్, పెర్రీలు 1878లో చూపారు. గీకి అరగదీసేటప్పుడు పలుచని చోట్లు ఒత్తిడికి వంగి, తరువాత పైకి ఉబుకుతాయి. మందపు చోట్లు చదునుగా మిగులుతాయి. ఉబికిన చోట కాంతి చెదరుతుంది, చదునైన చోట అంతగా చెదరదు. ఆ హెచ్చుతగ్గులు వెంట్రుక మందంలో నూరవ వంతైనా ఉండవు. మైకేల్ బెర్రీ 2006లో దీని గణితాన్ని వివరించాడు.

బ్రూస్టరు అనుమానించిన మోసం మరొక చోట నిజమైంది. 1614లో జపానులో క్రైస్తవాన్ని నిషేధించారు. పట్టుబడితే ప్రాణం పోయే ఆ కాలంలో, శిలువ బొమ్మను లోపల దాచి, దానిపై మామూలు నగిషీ ఉన్న మరొక పలకను వీపుగా అమర్చిన అద్దాలు పుట్టాయి. సోదా చేసేవారికి అది ఇంటి అద్దమే; ఎండ పడితే గోడ మీద శిలువ. క్యోటోలో ఈ విద్య తెలిసిన పనివారు నేటి తరంలోనూ ఉన్నారు. అక్కడ చేసిన అద్దాన్నే 2014లో జపాను ప్రధాని పోపు ఫ్రాన్సిసుకు బహూకరించారు.

2022లో అమెరికాలోని సిన్సినాటి కళా ప్రదర్శనశాల వారు ఇటువంటిదే మరొకటి తమ వద్ద ఉన్నదని ప్రకటించారు. దాని వీపున ఉన్నవి అమితాభ బుద్ధుని పేరు తెలిపే అక్షరాలు మాత్రమే. ఏళ్ళ తరబడి అందరూ దానిని మామూలు కంచుటద్దమనే తలచారు. ఒకనాడు అనుమానం వచ్చి చేతి ఫోను దీపం వేసి చూశారు. ప్రతిఫలించిన వెలుగులో ఏదో గరుకు కనబడింది. ఇంకా గట్టి దీపం తెచ్చి వేస్తే, చుట్టూ కిరణాలతో బుద్ధుడు గోడ మీద నిలిచాడు.