సైడ్ కవర్ వెనకాల

మా నాన్న స్కూటర్ గురించి నాకున్న మొదటి జ్ఞాపకం దాని మీద ఎక్కి తిరగడం కాదు. ఆదివారం పొద్దున్నే సైడ్ కవర్ ఊడదీసి వాకిట్లో నిలబెట్టి ఉన్న బండి, పక్కన పాత పేపరు మీద స్పార్క్ ప్లగ్గు, గరుకు కాగితం, గుడ్డపేలిక. నాన్న ప్లగ్గు కొసకి పట్టిన మసిని రుద్ది, రెండు మొనల మధ్య సందుని కంటితోనే కొలిచేవారు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ బండికి మూలరూపం గీసినాయన సరిగ్గా ఇలాంటి దృశ్యమే ఉండకూడదనుకున్నాడు. 1946లో ఇటలీలో పియాజియో కంపెనీ తెచ్చిన వెస్పా డిజైనర్ కొరాడినో దాస్కానియో అసలు విమానాలు, హెలికాప్టర్ల ఇంజనీరు. మోటార్‌సైకిలంటే ఆయనకి పడదు: బట్టలకి మురికి, చెయిన్ గొడవ, టైరు మార్చాలంటే తిప్పలు. అందుకే ఇంజన్ని వెనకచక్రం పక్కన పెట్టి రేకు కింద దాచేశాడు. చెయిన్ తీసేశాడు. చక్రాన్ని విమానం చక్రంలా ఒక పక్క నుంచే బిగించాడు. నడిపేవాడికి ఇంజన్ కనపడక్కర్లేదు.

మరి మన దగ్గర ఆ రేకు వారం వారం ఎందుకు ఊడింది?

సగం కారణం ఇంజన్‌లోనే ఉంది. ఆ టూ-స్ట్రోక్ ఇంజన్‌లో నూనెకి వేరే గది ఉండదు. పెట్రోల్లోనే కలిపి పొయ్యాలి. చేతక్‌కి లీటరుకి 20 మిల్లీలీటర్ల లెక్క. ఆ మిశ్రమమే బేరింగులనీ పిస్టన్‌నీ తడుపుతూ వెళ్ళి చివరికి మండిపోతుంది. నూనె తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే ప్లగ్గుకి మసి, సైలెన్సర్‌లో కార్బన్. అప్పుడు ఎన్ని కిక్కులు కొట్టినా బండి పలకదు. అందుకే ప్లగ్గు తుడవడం, ఎయిర్ ఫిల్టర్ కడగడం, కార్బురేటర్ జెట్‌లోకి నోటితో ఊదడం, కొన్నాళ్ళకోసారి హెడ్ విప్పించి కార్బన్ గీకించడం.

మిగతా సగం ఢిల్లీలో ఉంది. పియాజియోతో బజాజ్ ఒప్పందం 1971లో ముగిసింది, 1972లో చేతక్ వచ్చింది. ఏ కంపెనీ ఎన్ని బళ్ళు చెయ్యాలో ప్రభుత్వ లైసెన్సే తేల్చే రోజులవి. బుక్ చేసిన బండి చేతికి రావడానికి ఏళ్ళు పట్టేది. అలా వచ్చినదాన్ని పాడుచేసుకుని ఇంకోటి కొనుక్కోవడమనే మాటే లేదు. ఇంజన్ ముఖం చూడనక్కర్లేదని దాస్కానియో అనుకున్న ఆ గుమాస్తాలూ టీచర్లే, మన దగ్గర కొరత వల్ల సగం మెకానిక్కులయ్యారు.

చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 'ది షాక్ ఆఫ్ ది ఓల్డ్'లో టెక్నాలజీ చరిత్రని కొత్తగా కనిపెట్టినవాటితో కాక, వాడుకలో ఉన్నవాటితో, మరమ్మతులతో చూడమంటాడు. అది చదివినప్పుడు నాకు మా వాకిలే గుర్తొచ్చింది. పాత కోడ్‌ని కూలిపోకుండా కాపాడుకుంటూ జీతం తీసుకునేవాణ్ణి, ఆ మాట నచ్చకుండా ఎలా ఉంటుంది?

కానీ ఇక్కడో చిక్కుంది. టూ-స్ట్రోక్‌లో లోపలికొచ్చే కొత్త మిశ్రమంలో కొంత మండకుండానే సైలెన్సర్ దారి పట్టి బయటికి పోతుంది. అది డిజైన్‌లోనే ఉన్న లోపం, ప్లగ్గు ఎంత తళతళలాడినా పోదు. 1998లో సుప్రీంకోర్టు, ఢిల్లీ బంకుల్లో విడిగా టూటీ ఆయిల్ అమ్మకాన్ని ఆ ఏడాది చివరికల్లా ఆపమంది. కంటి అంచనాతో 'ఇంకాస్త' పోసిన నూనె అంతా ఊళ్ళ మీద నీలం పొగై తేలిన కాలం అది. మన శ్రద్ధ ఒక మంచి వస్తువునే కాదు, ఎప్పుడో పోవాల్సిన వస్తువుని కూడా బతికిస్తుంది. నా ఉద్యోగంలోనూ ఇది చూస్తూనే ఉంటాను.

2020లో చేతక్ పేరు ఎలక్ట్రిక్ స్కూటర్‌గా తిరిగొచ్చింది. దానికి ప్లగ్గూ లేదు, జెట్టూ లేదు. ఆ ఆదివారాలు గుర్తొస్తుంటాయా అని మొన్న నాన్నని అడిగాను, ఏదో పొందికైన మాట దొరుకుతుందన్న ఆశతోనే.

"ఇంకో బండి దొరికే రోజులైతే హాయిగా పడుకునేవాణ్ణిరా" అన్నారు.